అరగడం అంటే సగం నడకే

తెలుగులో 'అరుగు' అన్న క్రియకు పాత పద్యాల్లో ఇంకో అర్థం ఉంది. 'అరిగె' అంటే వెళ్ళాడని. ఇవాళ్టి మాటల్లో ఆ అర్థం దాదాపు పోయింది. చెప్పులు అరగడం, తిన్నది అరగడం మాత్రం మిగిలాయి. పోయిన అర్థం కూడా పొట్ట విషయంలో బాగా పనికొచ్చేదే. తిన్నది అరగడంలో సగం కరగడమైతే, మిగతా సగం అచ్చంగా వెళ్ళడమే.

బడి పాఠాల్లో మొదటి సగమే ఎక్కువగా కనిపిస్తుంది. ఉమ్మిలో ఒక ఎంజైము, జీర్ణాశయంలో ఆమ్లం, ఆ తర్వాత క్లోమరసం, పిత్తరసం, ఏది దేన్ని విడగొడుతుందో చూపించే ఒక పట్టిక. పట్టికలో తప్పేం లేదు. కానీ రసాలన్నీ బాగానే ఊరుతున్నా, తిన్నది ఆగాల్సిన చోట ఆగకుండా, కదలాల్సినప్పుడు కదలకుండా ఉంటే ఆ పట్టిక ఎందుకూ కొరగాదు. 'అరగలేదు' అని చెప్పుకునే బాధల్లో చాలావాటికి అసలు కారణం రసం చాలకపోవడం కాదు, నడక తప్పడం. పైగా ఈ నడకలో తోయడం తేలిక పని. ఎక్కడ ఆపాలి, ఎంతసేపు ఆపాలి, ఎప్పుడు వదలాలి అన్నదే కష్టమైన పని.

గొంతు మధ్యలో గట్టిగా తగిలే చోట రెండు వేళ్ళు ఆనించి ఒక్కసారి ఉమ్మి మింగి చూడండి. వేళ్ళ కింద ఏదో గబుక్కున పైకి లేచి మళ్ళీ కిందికి దిగుతుంది. అది స్వరపేటిక. అది లేచి దిగేంతలో లోపల జరిగే పనులు చాలా ఉన్నాయి. అంగిలి వెనకున్న మెత్తటి భాగం పైకి లేచి ముక్కు దారిని మూసేస్తుంది. స్వరతంత్రులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. శ్వాసనాళం పైన ఉన్న ఆకులాంటి మూత వెనక్కి వాలుతుంది. ఊపిరి ఆగుతుంది. అప్పటిదాకా బిగుసుకుని ఉన్న అన్నవాహిక పైద్వారం తెరుచుకుంటుంది. ముద్ద జారిపోగానే అన్నీ తిరిగి యథాస్థానానికి వస్తాయి. గొంతులో జరిగే ఈ తంతు మొత్తానికి ఒక సెకను కూడా పట్టదు. మింగడం మొదలుపెట్టేవరకే మన చేతిలో ఉంటుంది, ముద్ద నాలుక వెనక్కి చేరాక ఆపడం మన తరం కాదు.

గాలికీ తిండికీ గొంతు దగ్గర ఒకటే కూడలి. శ్వాసనాళం ముందు, అన్నవాహిక దాని వెనక. ముక్కు నుంచి వచ్చే గాలి ముందుకు, నోటి నుంచి వచ్చే ముద్ద వెనక్కి పోవాలి కాబట్టి దారులు అడ్డంగా కలుస్తాయి. ఇంత అసౌకర్యమైన ఏర్పాటు ఎందుకొచ్చిందని విసుక్కోవచ్చు గానీ, రోజూ వందలసార్లు మింగుతూ కూడా ఎప్పుడో ఒకసారి మాత్రమే పొలమారుతున్నామంటే కాపలా గట్టిదే. చాలావరకు మింగిన వెంటనే వచ్చేది నిశ్వాసమే, ఉచ్ఛ్వాసం కాదు. కూడలిలో మిగిలిపోయిన తునకలేమైనా ఉంటే ఆ గాలి బయటికే ఊదేస్తుంది. తింటూ మాట్లాడితే, నవ్వితే ఈ వరస చెడి, సరిగ్గా మూత వాలాల్సిన క్షణంలో ఊపిరి లోపలికి పోతుంది. పొలమారడమంటే అదే.

పక్షవాతం వచ్చిన వారిలో చాలామందికి చెయ్యీ కాలుతో పాటు ఈ వరస కూడా దెబ్బతింటుంది. వాళ్ళకు గట్టి తిండి కంటే మంచినీళ్ళు మింగడం కష్టమవుతుందంటే ఇంట్లోవాళ్ళు ఓ పట్టాన నమ్మరు. నీళ్ళు మరీ వేగంగా జారతాయి, మూత పడేలోగానే శ్వాసనాళం అంచుకు చేరిపోతాయి. చిక్కటి పదార్థం నెమ్మదిగా జారుతుంది కాబట్టి ఆలస్యమైన మూతకు కాస్త వ్యవధి దొరుకుతుంది. నీళ్ళను పొడి కలిపి చిక్కగా చేసి పట్టమని ఆసుపత్రిలో చెప్పేది ఇందుకే.

అన్నవాహిక పొడవు దాదాపు 25 సెం.మీ. నిలబడి తాగిన నీళ్ళు ఒకటి రెండు సెకన్లలో దాని అడుక్కి పడిపోతాయి. ముద్ద మాత్రం అలా పడదు, ఒక అల దాన్ని వెనక నుంచి నొక్కుకుంటూ తీసుకెళ్తుంది. కిందిదాకా రావడానికి 8 నుంచి 10 సెకన్లు పడుతుంది. తలకిందులుగా వేలాడుతూ తిన్నా ముద్ద పైకెక్కి జీర్ణాశయంలోకే వెళ్తుంది. బరువన్నదే తెలియని అంతరిక్షంలో వ్యోమగాములు తిని బతుకుతున్నారు కదా.

ఆ అల గుణాన్ని 1899లో లండన్‌లో విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ అనే శాస్త్రవేత్తలు తేల్చి చెప్పారు. వాళ్ళు చూసింది పేగులో. పేగు లోపల ఏదైనా తగిలితే దాని వెనక భాగం బిగుసుకుంటుంది, ముందు భాగం వదులవుతుంది. మెదడు నుంచి వచ్చే నరాలన్నీ తెంపేసినా ఇలాగే జరిగింది. ఇందులో మొదటి ముక్క అందరికీ గుర్తుంటుంది, రెండోది జారిపోతుంది. వెనక బిగిస్తే చాలదు, ముందు వదలాలి. ఎకలేషియా అనే జబ్బులో అన్నవాహిక అడుగున ఉన్న ద్వారం సమయానికి వదలదు. తిన్నది అక్కడే నిలిచిపోతుంది, అన్నవాహిక సంచిలా సాగిపోతుంది, రాత్రి పడుకుంటే నిన్నటి తిండి నోట్లోకి వస్తుంది. తలుపు గడియ వేసి వెనక నుంచి జనాన్ని తోస్తే ఏమవుతుందో అదే. చికిత్స కూడా తోపుడు పెంచడం కాదు, ఆ ద్వారపు కండరాన్ని కోసో, సాగదీసో వదులు చేయడమే.

దీనికి సరిగ్గా ఎదురు బాధ, మరీ ఎక్కువమందికి ఉండేది, ఎసిడిటీ అని పిలుచుకునేది. పేరు వింటే ఆమ్లం ఎక్కువైందనిపిస్తుంది. చాలామందిలో ఆమ్లం ఉండాల్సినంతే ఉంటుంది. ఉండకూడని చోటికి వస్తుంది, అంతే. జీర్ణాశయం పై ద్వారం తేన్పు వదలడానికి అప్పుడప్పుడూ కాసేపు తెరుచుకోవడం మామూలే. అలా తెరుచుకున్నప్పుడల్లా గాలితో పాటు పులుపు కూడా పైకి ఎగదన్నితే గుండెల్లో మంట. కడుపు నిండా తిని వెంటనే నడుం వాల్చవద్దని పెద్దలు చెప్పేదాంట్లో అర్థముంది. పడుకోక తప్పదంటే ఎడమ వైపు తిరిగి పడుకోవడం మేలు, ఆ భంగిమలో జీర్ణాశయపు సంచి ద్వారం కంటే కిందికి వేలాడుతుంది. మంటకు వాడే మాత్రలు ఆమ్లాన్ని తగ్గిస్తాయి, ద్వారాన్ని బాగుచేయవు. అందుకే మంట తగ్గినా కొందరికి నోట్లోకి నీళ్ళు రావడం తగ్గదు.

జీర్ణాశయం ఖాళీగా ఉన్నప్పుడు ముడుచుకున్న సంచి. మొదటి ముద్ద ఇంకా దారిలో ఉండగానే దాని పైభాగం వదులవడం మొదలవుతుంది. కబురు తెచ్చేది మెదడుకూ పొట్టకూ మధ్య నడిచే వేగస్ నరం. లీటరు, లీటరున్నర దాకా పట్టినా లోపలి ఒత్తిడి పెద్దగా పెరగదు. ఈ వదులవడం సరిగా జరగనివాళ్ళకు నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయినట్టు ఉంటుంది. ఎండోస్కోపీ చేస్తే అంతా నున్నగా, బాగానే కనిపిస్తుంది. రిపోర్టు నార్మల్ అనగానే 'అంతా నీ మనసులోనే ఉంది' అనేస్తారు. అది అన్యాయం. ఫొటోలో ఆకారం కనిపిస్తుంది, సాగడం కనిపించదు.

పైభాగం గోదాము అయితే, కింది భాగం తిరగలి. జీర్ణాశయం మధ్య భాగంలో పుట్టే అల నిమిషానికి మూడుసార్లు కింది ద్వారం వైపు నడుస్తుంది. ఈ లయను పుట్టించేవి కండరాల మధ్య ఉండే ప్రత్యేకమైన కణాలు. వాటిని తొలిసారి వర్ణించిన స్పెయిన్ శాస్త్రవేత్త పేరు మీద కహాల్ కణాలంటారు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నట్టే పొట్టకూ ఉందన్నమాట. ఒక అలను దగ్గర నుంచి చూస్తే విషయం భలేగా ఉంటుంది. అల నెట్టుకొచ్చిన తిండి ద్వారం దగ్గరికి చేరేసరికి ద్వారం దాదాపు మూసుకుపోతుంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల కంటే చిన్నగా నలిగిన తునకలు, పలచటి ద్రవం సన్నటి సందులోంచి అవతలికి జారతాయి. మిగతాదంతా గోడకు కొట్టిన బంతిలా వెనక్కి విరుచుకుపడి, నలిగి, మళ్ళీ వరసలో నిలబడుతుంది. ఇరవై సెకన్లకు ఇంకో అల. గంటకు 180 సార్లు ఇదే పని. సరిగ్గా నమలకుండా మింగిన ముక్క ఈ గుమ్మం దాటడానికి ఎక్కువసేపు పడుతుంది. పళ్ళు ఎగ్గొట్టిన పని పొట్ట నెత్తిన పడుతుంది.

నలపడం ఎంత ముఖ్యమో దాదాపు రెండువందల ఏళ్ళ కిందటే ఒక మనిషి పొట్టలోని రంధ్రంలోంచి కనిపించింది. 1822 జూన్‌లో అమెరికాలోని మాకినా ద్వీపంలో అలెక్సిస్ సెంట్ మార్టిన్ అనే యువకుడికి పొరపాటున తుపాకీ పేలి పొట్టలోకి గాయమైంది. సైనిక వైద్యుడు విలియం బోమాంట్ ప్రాణం నిలబెట్టాడు గానీ రంధ్రం పూడలేదు, జీర్ణాశయంలోకి శాశ్వతంగా ఒక కిటికీ మిగిలిపోయింది. బోమాంట్ 1825 నుంచి తిండి ముక్కలకు పట్టుదారం కట్టి ఆ కిటికీలోంచి లోపలికి దించి, గంట గంటకీ బయటికి తీసి చూశాడు. 1833లో అదంతా పుస్తకంగా అచ్చువేశాడు. జీర్ణరసాన్ని సీసాలోకి తీసి, ఒంటి వేడికి సమానంగా వెచ్చగా ఉంచితే అందులోనూ మాంసం కరిగింది. జీర్ణంలో రసాయన చర్య ఉందని గట్టిగా రుజువైంది. అయితే అదే పని సీసాలో జరగడానికి పొట్టలో కంటే ఎక్కువసేపు పట్టింది. రసం అదే, వేడి అదే. సీసా పిసకలేదు. సెంట్ మార్టిన్ మీద ఈ ప్రయోగాలు ఎంతవరకు అతని ఇష్టంతో జరిగాయన్నది వేరే సంగతి. జీతం తీసుకునే పనివాడిగా, చదువు రాని పేదవాడిగా అతనికి కాదనే అవకాశం పెద్దగా లేదు. విసుగొచ్చి వెళ్ళిపోయాడు కూడా, మళ్ళీ పిలిపించారు.

జీర్ణాశయం ఎప్పుడు ఖాళీ కావాలో నిర్ణయించేది జీర్ణాశయం కాదు. ఆ పెత్తనం చిన్నపేగు మొదటి భాగానిది. నీళ్ళు సగం ఖాళీ కావడానికి ఇరవై నిమిషాలు చాలు. మామూలు భోజనానికి రెండు నుంచి నాలుగు గంటలు, కొవ్వు ఎక్కువుంటే ఇంకా ఆలస్యం. పేగు గోడలోని కణాలు వచ్చిన సరుకును రుచి చూసినట్టు చూస్తాయి. ఆమ్లం ఎక్కువుందా, కొవ్వు ఉందా, మరీ చిక్కగా ఉందా? ఉంటే హార్మోన్ల ద్వారా, నరాల ద్వారా పైకి కబురు వెళ్తుంది: కాస్త ఆగు. అదే హార్మోన్లు పిత్తాశయాన్ని పిండిస్తాయి, క్లోమాన్ని రసం వదలమంటాయి. వంటింట్లో ముందు గిన్నె ఖాళీ అయితేనే తర్వాతది వడ్డించమన్నట్టు. నూనె ఎక్కువైన భోజనం చేశాక 'రాయిలా కూర్చుంది' అంటారు. నిజానికి అది అరగక కూర్చోలేదు, కింద నుంచి అనుమతి రాక కూర్చుంది.

హార్మోన్ అనే మాట పుట్టిందే ఈ గుమ్మం దగ్గర. 1902లో పైన చెప్పిన బేలిస్, స్టార్లింగ్ ఒక కుక్క పేగు ముక్కకు నరాలన్నీ తెంపేసి అందులో ఆమ్లం పోశారు. అప్పటికి రష్యాలో ఇవాన్ పావ్లోవ్ పరిశోధనల వల్ల జీర్ణరసాలన్నీ నరాల ఆజ్ఞ మీదే ఊరతాయని గట్టి నమ్మకం ఉండేది. నరాలు లేకపోయినా క్లోమం రసం వదిలింది. పేగు లోపలి పొరను గీకి, దాని సారాన్ని రక్తంలోకి ఎక్కించినా వదిలింది. అంటే కబురు రక్తంలో వెళ్తోంది. ఆ పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు, ఇలాంటి కబురు పదార్థాలన్నింటికీ కలిపి 1905లో స్టార్లింగ్ హార్మోన్ అన్నాడు. గ్రీకులో దాని మూలానికి కదలించడం, ఉసిగొల్పడం అని అర్థం. మధ్యలో 1904లో పావ్లోవ్‌కు నోబెల్ వచ్చింది. గంట మోత వింటే కుక్క నోరూరిన కథతో ఆయన పేరు జనానికి తెలుసు గానీ, బహుమతి ఇచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికి.

చిన్నపేగులో నడక తీరే మారిపోతుంది. ఇక్కడ తోసుకుంటూ పోవడం తక్కువ, పిసకడం ఎక్కువ. గొట్టం అక్కడక్కడా నొక్కుకుని, లోపలి సరుకు చిన్న చిన్న ముక్కలుగా విడిపోతుంది. మరుక్షణం నొక్కిన చోటు వదిలి పక్కచోటు నొక్కుకుంటుంది. సరుకు ముందుకీ వెనక్కీ ఊగుతూ ఉంటుంది. ఊరికే ఊగిసలాడితే ముందుకెలా వెళ్తుంది? చిట్కా లయలో ఉంది. చిన్నపేగు మొదట్లో నిమిషానికి 12 సార్లు, చివర్లో 8 సార్లు మాత్రమే ఈ నొక్కులు పడతాయి. పైన తరచుగా, కింద అరుదుగా నొక్కితే సరుకు మెల్లగా కిందికే జరుగుతుంది. మొత్తం పేగును దాటడానికి మూడు నుంచి ఐదు గంటలు. ఆ నెమ్మదితనం దేనికంటే, పోషకాలు గోడకు తగలాలి. గోడకు తగలని తిండి ఎంత బాగా కరిగినా ఒంటికి పట్టదు.

ఆ గోడ వైశాల్యం టెన్నిస్ కోర్టంత ఉంటుందని పాఠ్యపుస్తకాల్లో దశాబ్దాలుగా రాస్తున్నారు. 2014లో స్వీడన్ పరిశోధకులు మళ్ళీ కొలిచి చూస్తే 30 చదరపు మీటర్ల చిల్లర తేలింది. టెన్నిస్ కోర్టులో ఎనిమిదో వంతు. చిన్నపేగు పొడవు ఆరు మీటర్లన్నది కూడా ఎక్కువగా శవపరీక్షల లెక్క. బతికున్న మనిషిలో కండరం బిగువుగా ఉంటుంది కాబట్టి అందులో సగానికి దగ్గరగా ఉంటుంది. ఈ చిన్న చోటులోకి రోజూ దాదాపు 9 లీటర్ల ద్రవం వస్తుంది. తాగింది, తిన్నదాంట్లో ఉన్నది రెండు లీటర్లే. మిగతా ఏడూ ఒళ్ళే వదిలిన ఉమ్మి, జీర్ణరసాలు. చిన్నపేగు వాటిలో చాలాభాగం తిరిగి పీల్చుకుంటుంది, పెద్దపేగు లీటరు పైచిలుకు పీల్చుకుంటుంది, బయటికి పోయేది 100, 200 మిల్లీలీటర్లు. నడక కాస్త వేగమైతే ఈ జమాఖర్చు తల్లకిందులై విరేచనాలు అవుతాయని వేరే చెప్పక్కర్లేదు. విరేచనాలు ఆగడానికి వాడే లోపెరమైడ్ మాత్ర చేసేది చాలావరకు ఇదే, పేగు నడకను తగ్గించి నీళ్ళు పీల్చుకోవడానికి వ్యవధి ఇస్తుంది. క్రిములు, విషపదార్థాలు బయటికి పోవాల్సిన సందర్భంలో, అంటే జ్వరం, రక్తం పడుతున్న విరేచనాల్లో, దాన్ని వాడొద్దని చెప్పేదీ అందుకే.

తిండి లేనప్పుడు పేగులు ఊరికే ఉంటాయనుకోవడం పొరపాటు. ఆఖరి ముద్ద గుమ్మం దాటి వెళ్ళాక, తొంభై నిమిషాలకో రెండు గంటలకో ఒకసారి జీర్ణాశయం నుంచి చిన్నపేగు చివరిదాకా ఒక పెద్ద అలల గుంపు నడుస్తుంది. ద్వారం ఈసారి బాగా తెరుచుకుంటుంది, తిరగలికి లొంగని పెద్ద ముక్కలు, పీచు, పొరపాటున మింగిన గింజ, రాలిన కణాలు, క్రిములు అన్నీ ఊడ్చుకుపోతాయి. జీర్ణాశయం చిన్నపేగుల వరకు ఇది ఇల్లు ఊడ్చే పని. లోపల గాలీ నీళ్ళూ తప్ప ఏమీ లేకపోవడం వల్ల ఆ మోత బయటికి వినిపిస్తుంది. కడుపులో ఎలుకలు పరిగెత్తుతున్నాయని చెప్పుకునే చప్పుడులో చాలా భాగం ఈ చీపురు చప్పుడే. ఏదైనా తిన్నారా, ఊడ్పు అక్కడితో ఆగిపోతుంది, మళ్ళీ పిసకడం మొదలు. కొన్ని జబ్బుల్లో ఈ ఊడ్పు పూర్తిగా దెబ్బతింటే చిన్నపేగులో బ్యాక్టీరియా అతిగా పెరిగి ఉబ్బరం, విరేచనాలు వస్తాయి. పేగులను శుభ్రం చేస్తామంటూ అమ్ముడుపోయే పొడులు, కషాయాల ప్రకటనల్లో మాత్రం రోజూ ఉచితంగా జరిగే ఈ శుభ్రత ఊసే ఉండదు.

ఇంత పనికీ మెదడు ప్రతి క్షణం ఆజ్ఞలివ్వదు. పేగు గోడల మధ్య పది కోట్లకు పైగా నాడీకణాలున్నాయి. పేగు ముక్కను కోసి గోరువెచ్చటి ఉప్పుద్రావణంలో వేసినా కొంతసేపు అలలు పోతూనే ఉంటాయి. వేగస్ నరంలో ఎక్కువ తంతువులు మెదడు నుంచి పొట్టకు వచ్చేవి కావు, పొట్ట నుంచి మెదడుకు కబురు మోసేవి. ఈ నాడీకణాల విలువ తెలియాలంటే అవి లేని పేగును చూడాలి. దాదాపు ఐదువేల మంది శిశువుల్లో ఒకరు పెద్దపేగు చివరి భాగంలో ఈ కణాలు లేకుండా పుడతారు. కండరం ఉంటుంది, గొట్టం తెరిచే ఉంటుంది. అయినా మలం ఆ భాగాన్ని దాటదు, దాని పైపేగు ఉబ్బిపోతుంది. హిర్ష్‌స్ప్రుంగ్ జబ్బు అంటారు. వదలమని చెప్పే కణాలు లేక ఆ ముక్క ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది. శస్త్రచికిత్సతో దాన్ని తీసేసి పైభాగాన్ని కిందికి కలుపుతారు.

ఆజ్ఞలివ్వకపోయినా మెదడు అడ్డుపడగలదు. 1896 చివర్లో, ఎక్స్‌రేలు బయటపడి ఏడాదైనా గట్టిగా నిండని రోజుల్లో, హార్వర్డ్‌లో చదువుతున్న వాల్టర్ కానన్ జంతువులకు ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపించే బిస్మత్ అనే పదార్థం కలిపిన తిండి పెట్టి ఎక్స్‌రేలో పొట్ట కదలికలను చూడటం మొదలుపెట్టాడు. పిల్లులు బెదిరినా, కోపం తెచ్చుకున్నా ఆ అలలు ఉన్నట్టుండి ఆగిపోవడం గమనించాడు. ప్రమాదం ఎదురైతే పోరాడటమో పారిపోవడమో అన్న ఆయన సిద్ధాంతానికి మొదటి విత్తనాల్లో ఇదొకటి. మనుషుల్లో ఒక తమాషా ఉంది. టెన్షన్ జీర్ణాశయాన్ని నెమ్మది చేస్తుంది, పెద్దపేగును మాత్రం వేగం చేస్తుంది. ఇంటర్వ్యూ రోజు పొద్దున ముద్ద దిగదు, కానీ బాత్రూమ్‌కి మాత్రం మూడుసార్లు వెళ్ళాల్సి వస్తుంది. రెండూ ఒకే భయం చేసే పని.

పెద్దపేగు అన్నింటికంటే బద్ధకస్తురాలు. మీటరున్నర దారికి ఒకరోజు, ఒకటిన్నర రోజు తీసుకుంటుంది. ఆ బద్ధకం మీదే లక్షల కోట్ల బ్యాక్టీరియా బతుకుతాయి. మన ఎంజైములు విడగొట్టలేని పీచును అవి పులియబెట్టి చిన్న కొవ్వు ఆమ్లాలుగా మారిస్తే పెద్దపేగు గోడ కణాలు వాటినే తిని బతుకుతాయి. రోజుకు కొద్దిసార్లు మాత్రం ఈ బద్ధకస్తురాలు ఒక్కసారిగా లేచి, సరుకంతా ఒక పెద్ద తోపుతో చివరిదాకా నెడుతుంది. ఆ తోపుకు ఇష్టమైన సమయాలు రెండు: నిద్ర లేచాక, తిన్నాక. జీర్ణాశయం నిండిన కబురు పెద్దపేగుకు చేరి అది ముందున్నది జరిపి చోటు చేసుకుంటుంది. తిన్న వెంటనే వెళ్ళాల్సి వస్తే 'తిన్నది తిన్నట్టే పోతోంది' అని కంగారుపడతారు. పోతున్నది ఇప్పటిది కాదు, నిన్నటిదో మొన్నటిదో.

చివరి ద్వారం తెలివి గురించి మర్యాదకు ఎవరూ మాట్లాడరు గానీ, దారి మొత్తంలో అంతటి సున్నితమైన చోటు ఇంకోటి లేదు. అక్కడ రెండు కండరాలున్నాయి. లోపలిది మన మాట వినదు, బయటిది వింటుంది. సరుకు వచ్చి తగలగానే లోపలిది కాస్త వదులై, వచ్చింది గాలా, నీళ్ళా, గట్టిదా అని కింది చర్మానికి నమూనా చూపిస్తుంది. ఆ సమాచారంతోనే మనిషి నలుగురిలో పరువు కాపాడుకుంటున్నాడు. ఇప్పుడు కాదని బయటి కండరాన్ని బిగిస్తే సరుకు వెనక్కి సర్దుకుంటుంది, కబురు ఆగిపోతుంది. రోజూ ఇలాగే వాయిదా వేస్తే కబురు రావడమే తగ్గుతుంది, సరుకులో నీళ్ళు ఇంకిపోయి గట్టిపడుతుంది. మలబద్ధకంలో ఇది ఒక రకం. నడకే మందగించడం ఇంకో రకం. తోసేటప్పుడు వదలాల్సిన కండరాలను బిగించడం మూడో రకం, దానికి మందుల కంటే ఆ కండరాలను వదలడం నేర్పే శిక్షణ బాగా పనిచేస్తుంది. మూడింటికీ ఒకే పొడి మింగి ఫలితం లేదనడం తాళం చూడకుండా తాళంచెవి కొనడం లాంటిది. రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా మామూలే అని వైద్యుల లెక్క. రోజూ కాలేదన్న దిగులే కొందరికి అసలు జబ్బు. కారణం లేకుండా బరువు తగ్గడం, మలంలో రక్తం, మింగేటప్పుడు అడ్డం పడటం, ఆగని వాంతులు మాత్రం వేరే లెక్క, వాటికి ఇంటి చిట్కాలతో కాలం గడపకూడదు.

పొట్టకు పెద్ద ఆపరేషన్ జరిగితే నడక మొత్తం కొన్నాళ్ళు స్తంభించిపోతుంది. తిరిగి కదలడం కూడా ఒక వరసలోనే. చిన్నపేగు కొద్ది గంటల్లో లేస్తుంది, జీర్ణాశయం ఒకటి రెండు రోజుల్లో, అందరికంటే ఆఖరున, రెండు మూడు రోజులకు పెద్దపేగు. అందుకే డాక్టర్ రౌండ్స్‌కి వచ్చి కుట్లు చూడకముందే 'గ్యాస్ పోయిందా?' అని అడుగుతాడు. పక్కన చుట్టాలుంటే రోగి సిగ్గుపడి తల అడ్డంగా ఊపుతాడు. నొప్పికి ఇచ్చే మార్ఫిన్ లాంటి మందులు ఆ నడకను ఇంకాస్త వెనక్కి లాగుతాయి. కొన్ని ఆసుపత్రుల్లో ఈ దశలో రోగి చేతిలో చూయింగ్ గమ్ పెడతారు. కడుపులోకి ఏమీ వెళ్ళదు. పళ్ళు ఆడుతుంటే భోజనం వస్తోందని నమ్మి వేగస్ నరం కిందికి కబురు పంపుతుంది, ఆ కబురు విని దారి అవతలి కొసన ఎక్కడో పెద్దపేగు కదులుతుంది.